తొమ్మిదో రోజు కడుపునొప్పి

ముఖం కడుక్కుని రాగానే గూట్లోంచి పంచాంగం తీసి గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చోవడం కాశమ్మకి ముప్పై ఏళ్ల అలవాటు. ఆ ఇంట్లో కాఫీ కూడా దాని తర్వాతే. శ్రావణమాసం, బుధవారం. రాత్రి కురిసిన వానకి కాలనీ వీధి ఎర్రటి బురదగా ఉంది. ఆవల స్టీలు ప్లాంటు కడుతున్న వైపు నుంచి అప్పుడే క్రేన్ల చప్పుడు మొదలైంది. ఒకప్పుడు ఆ చప్పుడు వచ్చే చోటే వాళ్ల ఊరుండేది.

ఆ రోజు నక్షత్రం చిత్త. కాశమ్మ ఎడమచేతి వేళ్ల కణుపుల మీద బొటనవేలు పెట్టి, కోడలికి వినబడేలా లెక్కపెట్టింది. పెద్దకొడుకు జగ్గారావుది పుబ్బ. పుబ్బ, ఉత్తర, హస్త, చిత్త. నాలుగోది, క్షేమ తార. చాలా మంచిది. వంటగదిలో తాయారు "ఊ" కొట్టింది.

తర్వాత కాశమ్మ చెయ్యి పమిట కిందికి వెళ్లింది. అక్కడ లెక్క వేరే నక్షత్రం దగ్గర మొదలైంది. ఆ లెక్క పైకి చదివేది కాదు. పెదవులు కూడా కదలకూడదు. పమిట కింద బొటనవేలు ఒక్కో కణుపూ దాటుకుంటూ వెళ్లి, ఏడు దగ్గర ఆగింది. పుట్టిన నక్షత్రం నుంచి ఏడోది నైధన తార. ఆడవాళ్లు దాన్ని చావు తార అంటారు. ఆ రోజు మనిషిని గడప దాటనివ్వకూడదు.

ఇవాళే అది రావాలా అనుకుంది కాశమ్మ.

ఇవాళ జగ్గారావుకి పోర్టులో పరీక్ష. ఓడల్లోంచి సరుకు దించే వించి యంత్రం నడిపే పనికి మనుషుల్ని తీసుకుంటున్నారు. మేస్త్రీ పైడయ్య ఎలాగో తంటాలు పడి వాడి పేరు కాగితంలో ఎక్కించాడు. పదేళ్లుగా మూటలు మోసి మోసి జగ్గారావు నడుం వంగిపోయింది. ఈ పని దొరికితే కూర్చుని చేసుకోవచ్చు, నెల జీతం ఉంటుంది. దొరక్కపోతే ఆ నడుం ఇంకో రెండేళ్లు కూడా ఆగదు. పది గంటలకల్లా అక్కడ ఉండాలి.

పక్కింటి చిట్టెమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని బురద దాటి వచ్చింది. కాలనీలో ఎవరు ఏ పని మొదలుపెట్టినా కాశమ్మని అడిగే మొదలుపెడతారు. ప్లాంటు కోసం ఊరు తీసుకున్నప్పుడు వచ్చిన డబ్బు బ్యాంకులో ఎప్పుడు వెయ్యాలో, సైకిలు ఎప్పుడు కొనాలో, చీటీ ఎప్పుడు పాడాలో అన్నీ ఆవిడే చెప్పింది.

"పిన్నీ, మా ఆయన ఈయాల టీవీకి డబ్బులు కట్టీమంటన్నాడు. మంచిదేనా?"

"మీ ఆయనది ఏ నచ్చత్రమే?"

"ఆయనకి నచ్చత్రమెక్కడిది? పుట్టిననాడు తుపానంట. ఆకాశమే కనబడనేదంట. అందుకే మా ఇంట్లో రోజూ ఈదురుగాలి."

కాశమ్మ నవ్వకుండా పంచాంగంలో వేలు పెట్టి చూసింది. వర్జ్యం ఏడూ యాభైకి వస్తుంది, తొమ్మిదిన్నరకి పోతుంది, ఆ మధ్యలో రూపాయి కూడా చెయ్యి దాటకూడదని చెప్పింది. చిట్టెమ్మ అప్పటికే కొంగున కట్టుకొచ్చిన నోట్లని తడుముకుని, తొమ్మిదిన్నర దాకా ఇంట్లోనే కూర్చుంటానంటూ వెళ్లిపోయింది.

జగ్గారావు నూతి దగ్గర స్నానం చేసి వచ్చాడు. పెళ్లినాటి తెల్లచొక్కా వేసుకున్నాడు. అది ఇప్పుడు భుజాల దగ్గర బిగువు, పొట్ట దగ్గర వదులు. తల దువ్వుకుంటూ ఎప్పుడూ అడిగే మాటే అడిగాడు.

"అమ్మా, టైమెలాగుంది?"

పలకా బలపం పట్టుకుని బడికి వెళ్లే రోజుల్లో అలవాటైన మాట అది. ముప్పై మూడేళ్లు వచ్చినా ఆ మాట అడక్కుండా వాడు వీధిలోకి అడుగు పెట్టడు.

"బాగుంది నాయనా. ఏడున్నరకి బయలెల్లు," అంది కాశమ్మ. అంటూనే, ఏడుంబావుకి తనకి కడుపునొప్పి రావాలని లోపల అనుకుంది.

కాశమ్మకి ఆరేళ్లప్పుడు ఆమె తండ్రి రంగూన్ ఓడ ఎక్కాడు. ఓడ ఒకరోజు ముందే బయలుదేరుతోందని కబురొస్తే, తిథీ వారం చూసుకోకుండా పరుగున వెళ్లాడు. ఆమె తల్లి రేవు దాకా వెళ్లింది గానీ జనంలో మనిషి కనబడలేదు. రెండు ఉత్తరాలు వచ్చాయి. తర్వాత యుద్ధం వచ్చింది. ఆయన ఏమయ్యాడో ఎవరూ చెప్పలేదు. ఏ రోజున, ఏ గడియలో గడప దాటాడో మాత్రం తల్లి చచ్చేదాకా చెప్పుకుని ఏడ్చింది. ఆ ఏడుపు వింటూ పెరిగిన కాశమ్మకి, మనుషులు వెళ్లిపోవడానికి కారణం వాళ్లు బయలుదేరిన గడియేనన్న నమ్మకం గట్టిగా పట్టుకుంది. పెళ్లయ్యాక, దుకాణం పొట్లాల కాగితాల మీద అక్షరాలు గుర్తుపడుతూ, తప్పులు దిద్దేవాళ్లు లేకుండానే చదువు నేర్చుకుంది. ఆమె మొదటిసారి మొత్తం చదివిన పుస్తకం పంచాంగమే.

ప్లాంటు కోసం ఊరు తీసేసినప్పుడు ఇంటికొక కార్డు ఇచ్చారు. ఆ కార్డులో ఎవరి పేరు రాయిస్తే వాళ్లకి ఎప్పటికైనా ప్లాంటులో ఉద్యోగం. ఇంటికి ఒక్కటే. కాశమ్మకి ఇద్దరు కొడుకులు. భర్త తవిటయ్య అప్పటికే పోయాడు. పేరు రాయించేటప్పటికి జగ్గారావు పోర్టులో కూలి, గురునాథరావు చదువు అయిపోయి ఖాళీగా తిరుగుతున్నాడు. స్నేహితులతో పని వెతుక్కుంటూ భిలాయి వెళ్లిపోతానని రోజూ అంటున్నాడు. అన్నదమ్ములిద్దరూ తగువు పడలేదు. అమ్మ ఎలా చెబితే అలాగే అన్నారు. అమ్మ సింహాచలం మెట్ల దగ్గర ఉండే సిద్ధాంతిని అడిగి వస్తానంది.

సిద్ధాంతి ఇద్దరి నక్షత్రాలూ విని వేళ్లు మడిచి చెప్పాడు. పెద్దవాడిది పుష్యమి, వాడికి ఏలినాటి శని ఈమధ్యే వదిలింది, ఇనుమూ నిప్పూ వాడికి కలిసొస్తాయి. చిన్నవాడిది పుబ్బ, శని ఇంకా రెండున్నరేళ్లు ఉంది, వాణ్ని ఇనుము దగ్గరికి పంపకండి. పని లేకపోతే దేశాలు పట్టిపోయే యోగం కూడా ఉంది, జాగ్రత్త.

తిరిగొచ్చే బస్సులో కాశమ్మ చెవిలో చివరి మాట ఒక్కటే తిరిగింది. పెద్దవాడికి కార్డిస్తే చిన్నవాడు వెళ్లిపోతాడు. చిన్నవాడికిస్తే ఇద్దరూ ఉంటారు. పెద్దవాడు ఎటూ పోడు, వాడికి పోవడం రాదు. బస్సు ఎక్కినప్పుడు పుష్యమి పెద్దవాడిది, పుబ్బ చిన్నవాడిది. గాజువాకలో దిగేసరికి కాశమ్మ మనసులో రెండూ తారుమారైపోయాయి. ఇంటికొచ్చి, "పెద్దోడిది పుబ్బ, ఆడికి ఇనుము పడదన్నారు," అని చెప్పింది. జగ్గారావు, "అయితే తమ్ముడి పేరే రాయించండి," అన్నాడు.

అడగడానికి ఇంకెవరూ లేరు. ఆ ఇంట్లో ఎవరికీ జాతకం రాయించలేదు. తాయారు కాశమ్మ అన్న కూతురే కాబట్టి, మేనరికానికి నక్షత్రాలు చూడక్కర్లేదని పెళ్లప్పుడు కూడా చూడలేదు. అంతవరకూ కాశమ్మ రోజూ బాగుంది, బాగోలేదు అని చెప్పేదే గానీ, ఏ నక్షత్రం నుంచి లెక్కపెట్టిందో ఎవరూ అడగలేదు.

అబద్ధం చెప్పడం ఒక్క పూట పని. దాన్ని మొయ్యడం రోజూ పని అయింది. చిన్నవాడు ప్లాంటులో చేరిన నాటి నుంచి, వాడి శని వదిలేదాకా, ప్రతి శనివారం శనీశ్వరుడికి నూనె పోయించింది. వాడికి ఏమీ కాలేదు. క్వార్టరు వచ్చింది, పెళ్లయింది, రెండు నెలలకోసారి మిఠాయి పొట్లం పట్టుకొచ్చి చెప్పులు విప్పకుండానే మాట్లాడి వెళ్లిపోతాడు. పెద్దవాడి సంగతే కష్టమైంది. పైకి పుబ్బ లెక్క చెప్పాలి. పుబ్బకి చెడ్డ రోజైతే కాస్త బెల్లం ముక్క నోట్లో పెట్టి, దోషం పోయిందని పంపించేది. కానీ పుష్యమికి చావు తార వచ్చిన రోజు ఏం చెప్పి ఆపాలి? అందుకని ఆ రోజుల్లో ఆమెకి కడుపునొప్పి వచ్చేది. తల్లి మెలికలు తిరుగుతుంటే వదిలి వెళ్లే కొడుకు కాదు జగ్గారావు. పని మానేసి, మంచం పక్కనే కూర్చుని, అరికాళ్లు రాసేవాడు. కళ్లు మూసుకుని కాశమ్మ, ఈ రోజు గడిచిపోతే చాలు తండ్రీ అనుకునేది.

అలా ఐదేళ్లు గడిచాయి.

ఏడుంబావు అయింది. జగ్గారావు సర్టిఫికెట్ల కవరు చంకలో పెట్టుకుని చెప్పుల కోసం చూస్తున్నాడు. కాశమ్మ గోడ పట్టుకుని నెమ్మదిగా కూలబడింది.

"ఏటైనాదమ్మా?" కవరు కింద పడేసి వచ్చి పట్టుకున్నాడు.

"అదే నాయనా. పొడిసేత్తంది. నువ్వెల్లు, నువ్వెల్లు," అంటూ వాడి చొక్కా అంచు గట్టిగా పట్టుకుంది.

జగ్గారావు గడియారం వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. వాడి ముఖంలో విసుగు లేదు. అదే కాశమ్మకి ఎప్పుడూ భరించరానిది. వాము నీళ్లు తెమ్మని పెళ్లానికి కేక వేశాడు. ఎప్పుడూ కేక వెయ్యకుండానే వచ్చేవి. ఇవాళ రాలేదు.

తాయారు వంటగది గుమ్మంలో చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

"ఈయాల చిత్త కదా అత్తా," అంది.

కాశమ్మ మూలుగు సగంలో ఆగిపోయింది.

"అయితే ఏటే? నొప్పికి నచ్చత్రమేటి?" అన్నాడు జగ్గారావు.

"నానూ అదే అనుకున్నాను బావ. ఇన్నాళ్లూ."

తాయారు గోడకున్న క్యాలెండరు మేకు నుంచి తీసి మొగుడి ముందు పెట్టింది. పాల కోసమో చాకలి కోసమో పెట్టినట్టు, పెన్సిలుతో చిన్న చిన్న చుక్కలు. మొగుడు పని మానిన ప్రతి రోజుకీ ఒక చుక్క పెట్టానని చెప్పింది. మొదట కోపంతో పెట్టింది. నెలకి మూడు రోజులు పోతుంటే, గ్యాంగులోంచి పేరు కొట్టేశారని పైడయ్య మేస్త్రీ రెండుసార్లు ఇంటికొచ్చి తిట్టిపోతుంటే, ఏ రోజులు పోతున్నాయో చూద్దామని పెట్టింది. చుక్కల మధ్య ఎప్పుడు చూసినా తొమ్మిది రోజులే. ఒక్కోసారి ఎనిమిదో, పదో.

"జబ్బు తొమ్మిది రోజులకోసారి రాదు బావ. తార ఒత్తాది," అంది. "పాత పంచాంగాలు తీసి సూసినాను. మీ అమ్మకి నొప్పొచ్చిన రోజులన్నీ మృగశిర, చిత్త, ధనిష్ఠ. ఈ మూడే. ఈ మూడూ ఏడోవి అయ్యీ నచ్చత్రం ఏదాని ఎనక్కి లెక్కెట్టినాను. లెక్కెట్టడం అత్తే నేర్పినాది కదా, నాకు పదేళ్లప్పుడు, ఒళ్లో కూకోబెట్టుకుని."

జగ్గారావు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఏదొచ్చినాది?"

"పుష్యమి. పుబ్బ కాదు."

కాశమ్మ లేచి కూర్చుంది. నొప్పి నటించడం మరిచిపోయింది. పిచ్చిలెక్కలు పట్టుకుని మొగుణ్ని పనికి పోనివ్వకుండా చేస్తున్నావని కోడలి మీద కేకలేసింది. కాగితంలో చుక్కలు పెట్టి అత్తని దొంగని చేస్తావా అంది. అన్న బతికుంటే ఈ మాట వినలేక పోయేవాడంది. తాయారు అన్నీ విని, అటక వైపు చెయ్యి చూపించింది.

"ఆ పలక సూడు బావ. మొన్న శుక్రవారానికని అటక కడిగినాను."

పాత ఊళ్లో ఇళ్లు పడగొట్టేటప్పుడు ఎవరి ద్వారబంధాలు, దూలాలు, పలకలు వాళ్లు బళ్ల మీద తెచ్చుకున్నారు. జగ్గారావు వాళ్ల అటక పలక అలా వచ్చిందే. దాని మీద ఎప్పుడూ దినపత్రికలు పరిచి, వాటిమీద ఇత్తడి గుండిగ, దానిమీద పాత దుప్పట్లు ఉంటాయి. ఆ గుండిగని కాశమ్మ ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. తన పుట్టింటిదని అనేది.

జగ్గారావు స్టూలు ఎక్కాడు. గుండిగ దించి, కాగితాలు తీశాడు. పలక మీద మేకుతో గీసిన అక్షరాలు. దుమ్ము తుడిచి ఉంది. అవి వాళ్ల నాన్న తవిటయ్య చేతిరాత. వంకర టింకరగా, ఒక్కో అక్షరం మీద రెండేసిసార్లు గీసి, పోకుండా రాసినవి. జగ్గారావు ఐదో తరగతి చదువుతో కూడబలుక్కుంటూ పైకే చదివాడు.

"పెద్దోడు. ఖర నామ, పుష్య మాసం, పున్నమి, పుష్యమి." వేలు కింది వరసకి జరిపాడు. "చిన్నోడు. హేవిళంబి, మాఘ బహుళ పాడ్యమి, పుబ్బ."

స్టూలు మీదే నిలబడిపోయాడు. పలక అంచు పట్టుకున్న చేతులు దించలేదు. వాడి వీపు మాత్రమే కాశమ్మకి కనిపిస్తోంది. మూటలు మోసిన చోట, మెడకి కింద, చొక్కాలోంచి కూడా తెలిసేంత గట్టిపడిన కండ. తన కొడుకు వీపుని అంత సేపు చూడటం ఆమెకి అదే మొదటిసారి.

"అయితే," అన్నాడు వాడు చివరికి, వెనక్కి తిరగకుండానే, "ఇనుము పడదన్నది నాకు కాదన్నమాట."

కాశమ్మ పమిట చెంగు వేళ్లకి చుట్టుకుంది.

"అమ్మా, నిన్నే. సిద్ధాంతి ఎవులికి ఇమ్మన్నాడు కార్డు?"

"నీకే," అంది కాశమ్మ.

ఆ ఒక్క మాట బయటికొచ్చాక మిగతావన్నీ ఆగకుండా వచ్చేశాయి. బస్సులో అనుకున్నదీ, భిలాయి భయమూ, శనివారాల నూనే, పమిట కింద లెక్కలూ అన్నీ చెప్పింది. దొంగతనం చెయ్యలేదంది. ఇద్దరూ కళ్లముందు ఉండాలనుకున్నానంది. మా నాన్న పోయినట్టు ఎవరూ పోకూడదనుకున్నానంది.

"నువ్వెటూ పోవని తెల్సు నాయనా. ఆడే పోతాడని భయమేసినాది. అందుకని ఆడికిచ్చాను."

జగ్గారావు స్టూలు దిగాడు. ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. చిన్నప్పుడు తప్పు చేసి తల్లి ముందు కూర్చున్నట్టే ఉంది.

"పోనోడికి ఏటీ ఇవ్వక్కర్నేదా అమ్మా?"

కాశమ్మకి ఆ మాట వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, వాడి ముఖం చూడలేక పమిట నోట్లో కుక్కుకుంది. వాడు గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆమెకి సులువయ్యేది.

"అడిగుంటే ఇచ్చేసీవోణ్ణి. తమ్ముడే కదా. ఆడు భిలాయి పోతే నీకు బెంగని సెప్పుంటే, నానే ఆడి పేరు రాయించీవోణ్ణి. నా నచ్చత్రమెందుకు మార్చినావు? ఐదేళ్లు నా నుదుటి రాతే బాగోనేదనుకున్నాను. ఈ వించి పని రెండుసార్లు ఒచ్చినా, నాకు ఇనుము పడదని నానే ఒదులుకున్నాను. ఈసారి నడుం ఆగకే ఒప్పుకున్నాను. ఎవులి మీదా కోపం కూడా రానేదు. ఎవులి మీదొత్తాది, శని మీదొత్తాదా?"

"నీకేటీ కాకూడదనే కదరా. ఐదేళ్లూ నిన్ను ఆ చావు తారలు దాటించుకొచ్చింది నానే. రోజు కూలి పోతే పోనాది. మడిసి ఉన్నావు కదా."

"ఉన్నాడు అత్తా," అంది తాయారు. "నడుం నేదు."

గడియారం ఎనిమిది దగ్గరికి వస్తోంది. జగ్గారావు లేచి కవరు తీసుకుని, బురద అంటిన మూల చేత్తో తుడిచాడు. సాయంత్రం వచ్చేటప్పుడు కోటవీధిలో గది చూసి వస్తానన్నాడు. ఈ పని దొరికినా, దొరక్కపోయినా పోర్టు దగ్గరే ఉంటామని చెప్పాడు. తాయారుని సామాను కట్టుకోమన్నాడు. ఇంకా నిద్ర లేవని తన పసిపాప వైపు ఒకసారి చూశాడు.

"ఈ ఇంట్లో ఎవులి లెక్క ఏదో నాకు తెలీదు అమ్మా. ఇంకిక్కడుండి నాను రోజూ కనుక్కోలేను. నీకు డబ్బులు పంపుతాను. పండక్కి ఒస్తాం."

ఆ చివరి మాట కాశమ్మకి ఎక్కడో విన్నట్టనిపించింది. చిన్నకొడుకు క్వార్టరుకి వెళ్లేటప్పుడు అన్న మాటే అది.

ఆమె పాకుతూ వచ్చి వాడి కాళ్లు పట్టుకోబోయింది. వాడు వెనక్కి జరిగాడు.

"గది రేపు సూసుకో. ఎల్లుండెల్లు, నానేటీ అన్ను. ఈయాల మాత్రం వొద్దురా. ఈయాల ఏడోది. ఆ ఇనుం దగ్గరికి ఈయాల వొద్దు. నా మాట ఇను," అంది.

"ఐదేళ్ల కిందట ఇనాల్సింది నువ్వు, అమ్మా," అన్నాడు వాడు. "సిద్ధాంతి మాట."

చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు. తాయారు తలుపు పక్కన నిలబడింది. పక్కింటి చిట్టెమ్మ కేకలు విని అప్పటికే తన గేటు దగ్గరికి వచ్చింది. ఆమె కొంగు ముడిలో టీవీ డబ్బులు అలాగే ఉన్నాయి. కాశమ్మ గుమ్మం పట్టుకుని లేచి నిలబడింది. ఆమె చేతిలో పంచాంగం ఎప్పుడు ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. లోపల గడియారం ఎనిమిది కొట్టింది. వర్జ్యం వచ్చి పది నిమిషాలైంది. తొమ్మిదిన్నర దాకా పోదు. అప్పటిదాకా ఆగితే పరీక్ష అందదు.

గేటు తీస్తూ జగ్గారావు ఆగాడు. అలవాటుగా, వెనక్కి సగం తిరిగి, ఏమీ ఆలోచించకుండానే అన్నాడు.

"అమ్మా, టైమెలాగుంది?"

అన్నాక వాడికే తెలిసింది. ముఖం కందిపోయింది. మాట వెనక్కి తీసుకుందామన్నట్టు నోరు కదిపాడు. అక్కడే నిలబడ్డాడు. ఏ సమాధానం వచ్చినా వినేటట్టే ఉన్నాడు. ఇప్పుడు వద్దంటే ఆగిపోతాడని కాశమ్మకి తెలిసింది. అంత జరిగినా, వద్దంటే ఆగిపోతాడు. ముప్పై మూడేళ్లుగా అలాగే పెంచింది.

చిట్టెమ్మ నోరు తెరిచింది. కాశమ్మ ఆమె వైపు చూసింది. చిట్టెమ్మ కొంగు ముడి పట్టుకుని నోరు మూసుకుంది.

తండ్రి వెళ్లిన రేవు కాశమ్మ కళ్ల ముందుకొచ్చింది. తను చూడని ఓడ, తను చూడని జనం. చావు తార, దానిమీద వర్జ్యం. ఇంతకన్నా చెడ్డ గడియ ఆ పుస్తకంలో లేదు. అందులో ఒక్క అక్షరమైనా అబద్ధమని ఆమె ఎప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోలేదు.

"బాగుంది నాయనా," అంది. "మంచి టైమే. ఎల్లిరా."

గొంతు వణకలేదు. ఐదేళ్లుగా అబద్ధం చెప్పి చెప్పి ఆ గొంతు గట్టిపడింది. జగ్గారావు తల ఊపాడు. గేటు వేసి, బురదలో ఎండిన చోటు చూసుకుని అడుగులేస్తూ వీధి మలుపు తిరిగాడు. వెనక్కి చూడలేదు. కాసేపటికి రోడ్డు మీద పోర్టు వైపు వెళ్లే పాత పోస్టాఫీసు బస్సు ఆగిన చప్పుడు, కదిలిన చప్పుడు వినిపించాయి.

కాశమ్మ మెట్టు మీద కూర్చుంది. వాణ్ని ఆపడానికి ఎన్ని అబద్ధాలు చెప్పిందో లెక్కలేదు. పంపడానికి చెప్పింది ఇదొక్కటే. ఇన్నాళ్లూ కాపాడుతున్నాననుకుంది. వాడి కాలు తన గడపకే కట్టేసి, కదలడు, మంచివాడు అని మురిసిపోయింది. వాడి దగ్గరున్నదంతా తీసి, పోతాడనుకున్నవాడికి పెట్టింది. ఇద్దరూ పోయారు. ఒక్కడు మంచి గడియలో, ఇంకొకడు చెడ్డ గడియలో. ఎలా పోయినా మిగిలిన ఇల్లు ఒకేలా ఉంది.

ఏడుపు అప్పుడొచ్చింది. చప్పుడు లేకుండా, పంచాంగం అట్ట తడిసిపోయేంత ఏడుపు.

తాయారు లోపలికి వెళ్లింది. సామాను కట్టుకుంటోందని కాశమ్మ అనుకుంది. గిన్నె చప్పుడైంది, పొయ్యి చప్పుడైంది. తర్వాత తాయారు వచ్చి మెట్టు మీద, కాస్త ఎడంగా కూర్చుంది. చేతిలో గ్లాసు ఉంది. వాము వాసన.

"వర్జ్యం ఒచ్చీసింది కదా అత్తా," అంది, రోడ్డు వైపు చూస్తూ.

"తెల్సు."

"నాకూ తెల్సు. సెప్పనేదు."

ప్లాంటు వైపు క్రేను ఒకటి దేన్నో పైకెత్తుతోంది. ఆ ఇనుం చప్పుడుకి కాశమ్మ ఉలిక్కిపడింది.

"రేపు ఎల్లిపోతాం అత్తా. నాను ఉండమని సెప్పను. ఆయనకి పదేళ్ల నడుం పోనాది," అంది తాయారు. గ్లాసు అత్త వైపు జరిపింది. "తాగు."

"నొప్పి నేదే."

"తెల్సు. తాగు."

కాశమ్మ గ్లాసు అందుకుంది. వేడిగా, ఘాటుగా ఉన్న ఆ నీళ్లు ఐదేళ్లుగా తొమ్మిది రోజులకోసారి తాగినవే. ఇవాళే మొదటిసారి అవి నిజంగా లోపలికి దిగాయి. తాగుతూనే ఆమె ఎడమచేతి బొటనవేలు అలవాటుగా చిటికెనవేలి మొదటి కణుపు మీదికి వెళ్లింది. సాయంత్రం వాడు తిరిగొచ్చేదాకా ఎన్ని గడియలో చూద్దామని. కాశమ్మ ఆ చేతిని చూసుకుంది. వేళ్లు మడిచి, పిడికిలి బిగించి, ఒళ్లో పెట్టుకుని, వీధి మలుపు వైపు చూస్తూ కూర్చుంది.